ప్రత్యామ్నాయ పుట్టిల్లు

మా కొంగవలస గ్రామ సర్పంచి దాలమ్మ. నేను దాలమ్మ మొగుణ్ణి, తవిటినాయుణ్ణి. ఆమెది సంతకం, నాది కుర్చీ. ఆడవాళ్ళకు రిజర్వేషన్ వచ్చినప్పటి నుంచి మా వైపు ప్రజాస్వామ్యం ఇలాగే సాఫీగా నడుస్తోంది. కుర్చీలో కూర్చున్నవాడిగా ముందే ఒక మాట మనవి చేసుకుంటున్నాను. ఈ కథలో ప్రభుత్వం తప్పు ఆవగింజంత కూడా లేదు. తప్పంతా మా అమ్మాయి హైమది. కడుపుతో ఉండడానికి ఇంకో ఏడాది ఆగి ఉండొచ్చు కదా, ఆగలేదు.

మా ఊళ్ళో పెరటికొక చింతచెట్టు ఉంటుంది. దసరా వెళ్ళాక ఎక్కడెక్కడి నుంచో ఎర్రకాళ్ళ కొంగలూ గూడబాతులూ వచ్చి ఆ చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదిరేలోగా వాటిని వెంటబెట్టుకుని వెళ్ళిపోతాయి. ఎందుకొస్తాయని చిన్నప్పుడు మా తాతను అడిగితే, ఆడపిల్లలు పురుటికి పుట్టింటికి రారేట్రా అన్నాడు. అందుకని ఆ చెట్ల చింతకాయ మేం కొయ్యం. దీపావళికి మతాబులే గానీ టపాకాయలు కాల్చం. గూట్లోంచి జారిపడ్డ పిల్లను గంప కింద పెట్టి, కాకులు పొడవకుండా కాపలా కాస్తాం. రెట్ట కంపుకి ముక్కు మూసుకుని అన్నం తింటాం గానీ, పురుటికొచ్చినదాన్ని పొమ్మని ఎవడంటాడు?

ఇదంతా చూసి ప్రభుత్వం ముచ్చటపడింది. ప్రభుత్వం ముచ్చటపడితే ఊరికే పోతుందా? మా ఊరిని రక్షిత ప్రాంతం చేసింది. చుట్టూ సరిహద్దు రాళ్ళు పాతింది. ఊరి మొగదల వెదురు బొంగుతో గేటు పెట్టింది. వలస జీవుల సంరక్షణ సంస్థ అని బోర్డు కట్టి, జయకర్ గారనే డైరెక్టరు గారిని పంపించింది. చాలా చదువుకున్న మనిషి. దూరాన రెక్క కదిలితే చాలు, పక్షి పేరు చెప్పేస్తాడు. మనుషుల పేర్లు మాత్రం ఎదురుగా నిలబడ్డా అడగడు.

డైరెక్టరు గారు వస్తూనే ఒక అధ్యయనం చేయించారు. రక్షిత ప్రాంతాల అంచుల్లో జనాభా ఎలా మారుతోందీ అన్నది విషయం. అధ్యయన బృందం వాళ్ళు కార్తీకంలో వచ్చి, పుష్యం దాకా ఉండి, ఇల్లిల్లూ తిరిగి, కోళ్ళు తిని వెళ్ళారు. మిగతా నెలల్లో పక్షులుండవు, పైగా మా వైపు ఎండలు. చదువుకున్నవాళ్ళు ఎండలో ఎందుకు తిరుగుతారు?

తర్వాత ఒకరోజు షామియానా వేసి ఫలితాలు ప్రకటించారు.

"గ్రామ ప్రజలారా! మీ గ్రామమునందు ఒక ఆందోళనకర ధోరణి మా పరిశీలనకు వచ్చినది. సంరక్షణ వలన కలుగు ప్రయోజనములచే ఆకర్షితులై, బయటి జనులు రక్షిత ప్రాంతపు అంచులకు వలస వచ్చుచున్నారు. ముఖ్యముగా గర్భిణులు. ఇంటింటా ఒక గర్భిణి గాని, ఒక బాలింత గాని మా బృందమునకు తారసపడినది. ఈ వేగమున పోయినచో త్వరలో ఇచ్చట పక్షి నిలుచుటకు కొమ్మ మిగలదు."

మా ఊరి పెద్దాయన గుంపస్వామి లేచి చేతులు జోడించాడు. "బాబూ, ఆళ్ళు ఎవులో కాదు. మా ఆడపిల్లలే. తొలికానుపుకి పుట్టింటికొచ్చినారు. మూడో నెల రాగానే అత్తోరిళ్ళకి ఎలిపోతారు."

"వెళ్ళిపోయినట్లు మా అధ్యయనమున ఎచ్చటను నమోదు కాలేదు. మా అధ్యయనము పుష్యమాసముతో ముగిసినది."

గుంపస్వామి తువ్వాలు భుజాన సర్దుకుని కూర్చున్నాడు.

ఆ రోజే నిబంధన చదివి వినిపించారు. అయిదో నెల దాటిన ఏ ఆడమనిషీ బయటి నుంచి గేటు దాటి లోపలికి రాకూడదు. మా దాలమ్మ కుర్చీలో లేదు గనక కింద చాప మీద ఉంది. అక్కణ్ణుంచే అరిచింది. "మరి పచ్చులో? అవీ కనడానికే గదా వొత్తున్నాయి!"

"పక్షులు వలస జీవులమ్మా. ప్రసవార్థము వచ్చుట వాటి సహజ హక్కు."

"నా పిల్ల వొత్తే?"

"అది ఆక్రమణ అగును."

నేను చప్పట్లు కొట్టాను. కుర్చీలో ఉన్నవాడు కొట్టాలి, లేకపోతే సభకు నిండుదనం రాదు. ఇంటికెళ్ళాక దాలమ్మ నాకు అన్నం పెట్టలేదన్నది వేరే సంగతి.

మా హైమను బొబ్బిలి ఇచ్చాం. అల్లుడు గౌరీశు కరెంటు లైన్‌మన్, మంచి కుర్రాడు. ఆ ఇంట్లో అత్తగారు లేదు, పోయి చాలా కాలమైంది. మామగారికి చెవుడు. అల్లుడు స్తంభమెక్కితే ఎప్పుడు దిగుతాడో వాడికే తెలీదు. తొలిచూలు పిల్ల పక్కన ఒక్క ఆడమనిషి లేని ఇల్లది. అందుకే సీమంతం అవుతూనే, ఏడో నెలలో, అల్లుడికి సెలవు దొరక్క, సారె పట్టుకుని హైమ ఒక్కతే ఆటోలో బయల్దేరింది. షామియానాలో చదివిన నిబంధన సరిగ్గా ఈ మధ్యలోనే అమల్లోకొచ్చింది.

గేటు దగ్గర గార్డు సన్యాసిరావు. మా ఊరివాడే. హైమ పరికిణీలో ఉన్నప్పుడు దానికి సైకిలు నేర్పినవాడు. దాన్ని చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అమ్మీ, ఎనక్కెలిపోండమ్మా. నానేటి సెయ్యను, ఉద్దోగం."

"అదేటి సన్నేసి మావా, మా ఇల్లు అదిగో అవుపడతంది!"

"అవుపడొచ్చమ్మా. అవుపడ్డానికి రూలొడ్డం నేదు. ఎల్డానికే."

ఇంతలో వెనకాల ఒక పెద్ద కారు హారన్ కొట్టింది. పక్షులింకా రాకపోయినా, రక్షిత ప్రాంతం చూడ్డానికి పట్నం నుంచొచ్చినవాళ్ళు. అందులో ఒకావిడ నిండు చూలాలు, సీటంతా ఆవిడే ఉంది. సన్యాసిరావు టికెట్టు చూసి బొంగు ఎత్తేశాడు. పరుగెత్తుకొచ్చిన దాలమ్మ, "ఆయమ్మకి కడుపు అవుపడతా నేదేట్రా నీకు?" అని వాడి చొక్కా పట్టుకుంది.

"టికెట్టున్నోళ్ళు జనాబా కాదు అక్కా, ఆదాయం. ఆల్ల కడుపు లెక్కలోకి రాదని డైరెట్రు బాబు సెప్పినారు."

బొంగుకి అటు హైమ, ఇటు దాలమ్మ. పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. "నాకు బయమేత్తందే అమ్మా. నీ కాడే కంటానే. ఆ ఇంట్లో రాత్రేల నొప్పులొత్తే పిలిత్తే పలికేవోళ్ళు నేరే." దాలమ్మ, పంచాయతీలో పది మందిని ఒక్క కేకతో కూర్చోబెట్టే మనిషి, బొంగు మీద తల పెట్టుకుని నిలబడిపోయింది. నేనూ బొంగు దాకా వెళ్ళాను. అయినా కుర్చీకి ఒక మర్యాద ఉంది కదా. పద్ధతి ప్రకారం వెళ్దామని, హైమను మండల కేంద్రంలో లాడ్జీలో దింపించి, డైరెక్టరు గారి ఆఫీసుకు పోయాను.

ఆయన నన్ను కూర్చోమన్నారు. సానుభూతి కూడా చూపించారు, ఆ పాటి మనిషే.

"చూడండి నాయుడు గారూ, మీ కుమార్తె జన్మతః ఇచ్చటి స్థానిక జాతియే. కాదనుట లేదు. కాని మీరు ఆమెకు వివాహము చేసి బయటకు పంపివేసితిరి. దానితో ఈ ప్రాంతమున ఆమె అంతరించినది."

"అంతరించడమేంటి సార్, లాడ్జీలో ఉంది."

"ఈ ప్రాంతమున అంటున్నాను. అంతరించిన జాతిని తిరిగి ప్రవేశపెట్టుట సామాన్య విషయము కాదు. అడవిలో చిరుతను వదులుటకు ఎన్ని అనుమతులు కావలెనో, మీ అమ్మాయికిని అన్నియే కావలెను. నిపుణుల సంఘము రావలెను. ఆమె ఇచ్చటి ఆహారమునకు అలవాటు పడగలదా అని పరీక్షింపవలెను."

"తల్లి చేతి అన్నమే కదా సార్."

"అదియే పరీక్షింపవలెను."

నేను కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆయన నవ్వి, ప్రభుత్వం అంత కఠినమైంది కాదనీ, పుట్టిల్లు కోల్పోయిన ప్రతి గర్భిణికీ పునరావాసం కల్పిస్తోందనీ చెప్పారు. దాని పేరు ప్రత్యామ్నాయ పుట్టిల్లు. మండల కేంద్రంలో పాత ఎరువుల గోదాము ఖాళీగా ఉంటే, దానికి గులాబీ రంగు వేయించి తెరిచారు.

మర్నాడు నేనూ, దాలమ్మా, హైమా ముగ్గురం వెళ్ళాం. గుమ్మానికి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం. గోడకి బోర్డు: 'ఆప్యాయత వేళలు ఉదయం పది నుండి సాయంత్రం ఐదు వరకు. భోజన విరామము కలదు. ఆదివారములు, పండుగ దినములు సెలవు.' లోపల టేబుల్ వెనకాల ఒక పాతికేళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. మెడలో గుర్తింపు కార్డు, దాని మీద 'సుగుణ, మాతృమూర్తి, ఒప్పంద ప్రాతిపదిక' అని ఉంది. మమ్మల్ని చూడగానే లేచి, చేతిలో పుస్తకం తెరిచి చదివింది.

"వచ్చావా తల్లీ. ఎంత చిక్కిపోయావే. అల్లుడు గారు బాగున్నారా. కాళ్ళు కడుక్కో, అన్నం పెడతాను." ఆగి, పేజీ తిప్పింది. "ఇక్కడ మీరు ఏడవాలండి. తర్వాత నేను ఓదార్చాలి."

ఏడవమన్నాక హైమకు ఏడుపు ఆగిపోయింది. తెల్లబోయి చూసింది. దాలమ్మ మాత్రం ఆ అమ్మాయిని ఎగాదిగా చూసి, దగ్గరికెళ్ళి చున్నీ పక్కకు తీసింది.

"ఓలమ్మ! నీకెన్నో నెలే?"

"ఆరండి." సుగుణ పుస్తకం మూసేసింది. "మాది పార్వతీపురం అవతలండి. మా అమ్మ రమ్మంటంది. ఒప్పందపు అమ్మలకి సెలవు లేదండి. ఎల్తే ఉద్యోగం పోద్ది." ఇక్కడి దాకా చెప్పి, పుస్తకంలో లేని ఏడుపు ఏడ్చింది.

దాలమ్మ ఆ గోదామంతా ఒకసారి కలయజూసింది. సిమెంటు నేల మీద వరసగా ఇనప మంచాలు, గోడల్లోంచి ఇంకా పోని ఎరువుల ఘాటు. "ఏటయ్యా, దీన్నా నువ్వు పుట్టిల్లంతన్నావు?" అని నా వైపు తిరిగి, నా జవాబు కోసం ఆగకుండా రెండు చేతుల్తో ఇద్దరు చూలాళ్ళనీ పట్టుకుని బయటికి నడిచింది. "లోపలికి మిమ్మల్ని రానివ్వకపోతే, నానే బయటికొత్తాను. బయటికి రావడానికి అడ్డం నేదు గదా!"

సరిహద్దు రాయికి అవతల, తంపర గట్టున, మా బావమరిదికి చింతతోపు ఉంది. తంపరంటే మా వైపు నీళ్ళు నిలిచే పల్లం, చేపలు పుష్కలం. ఆ తోపులో తాటాకు పాక వేసి దాలమ్మ కాపురం పెట్టింది. వారం తిరక్కుండా ఊళ్ళో కడుపుతో ఉన్న కూతుళ్ళున్న తల్లులందరూ అక్కడికే చేరారు. తల్లులు వెళ్తే పొయ్యిలు వెళ్ళాయి. పొయ్యిలు వెళ్ళాక మగాళ్ళు ఊళ్ళో ఉండి ఏం చేస్తారు? గుంపస్వామి వెళ్ళాడు, ఆయన గొర్రెలు వెళ్ళాయి. చివరికి కుర్చీ నెత్తిన పెట్టుకుని నేనూ వెళ్ళాను.

ఊరు ఖాళీ అయినందుకు డైరెక్టరు గారికి పెద్ద పేరొచ్చింది. 'స్వచ్ఛంద మానవ ఉపసంహరణ' అని దానికి పేరు పెట్టి శాలువా కప్పారట. ఖాళీ ఇళ్ళకి సున్నాలు కొట్టి, గదికొక ఏసీ బిగించి, సందర్శకుల విడిదులు చేశారు. మా ఇంట్లో దాలమ్మ పప్పు రుబ్బే చోట ఇప్పుడు కాఫీ మెషిను ఉందని విన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. పక్షులు వచ్చే రోజులకి డైరెక్టరు గారు స్వాగతోత్సవం పెట్టారు. చింతచెట్లకి రంగురంగుల లైట్లు చుట్టారు. గంతులేసి వాయించే తప్పెటగుళ్ళ దళాన్ని పిలిపించారు. నాలుగు మూలలా మైకులు, మధ్యలో వేదిక, వేదిక మీద మంత్రిగారు. కొంగలు వచ్చాయి. ఊరి మీద రెండు చుట్లు తిరిగాయి. కింద జరుగుతున్నదాన్ని చూసి, వాటికేమనిపించిందో, మెడలు తిప్పి సరిహద్దు రాయి దాటి వచ్చి మా తోపులో వాలాయి. మంత్రిగారు ఖాళీ ఆకాశం వైపు చెయ్యి ఊపుతూనే ఉన్నారు.

మాకు మాత్రం ఆ ఏడు కళకళలాడిపోయింది. పైన కొమ్మల్లో గూళ్ళు, కింద పాకల్లో చూలాళ్ళు. పైన కొంగలు చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెడుతుంటే, కింద దాలమ్మ బాలింతల మందు, కాయం, ముద్దలు చేసి ఆడపిల్లల నోట్లో పెట్టేది. మార్గశిరంలో హైమకు నొప్పులొచ్చాయి. ఆసుపత్రి నర్సమ్మ వచ్చి పురుడు పోసింది. తెల్లవార్లూ దాలమ్మ చెయ్యి వదల్లేదట ఆ పిల్ల. ఆడబిడ్డ. నా చేతికిస్తే, పొత్తిళ్ళలోంచి నా వేలు పట్టుకుంది. అంతకు ముందు కుర్చీ పట్టుకోవడమే గొప్ప అనుకునేవాణ్ణి, అంత తెలివితక్కువవాణ్ణి. తర్వాత కొన్నాళ్ళకి సుగుణ కూడా కనింది, మగబిడ్డ.

హైమకి పురిటి స్నానం అయిన వారానికి డైరెక్టరు గారు టేపులూ రాళ్ళూ మోయించుకుని తోపుకి దిగారు. మొహం వెలిగిపోతోంది. కొత్త అధ్యయనం పూర్తయిందట.

"గ్రామ ప్రజలారా! గత అధ్యయనమునకు ఇది కొనసాగింపు. గూళ్ళ సాంద్రత గర్భిణుల సాంద్రతను అనుసరించి పెరుగుచున్నట్లు శాస్త్రీయముగా రుజువైనది. గర్భిణులు ఉన్న చోటనే పక్షులు గూడు కట్టును. కావున ఈ తోపును రక్షిత ప్రాంతముగాను, ఇందలి స్త్రీలను పక్షుల ఆవాసముగాను ప్రకటించుచున్నాము."

గుంపస్వామి మళ్ళీ లేచాడు. "అయితే మా ఆడపిల్లలు ఇప్పుడు ఆక్రమణ కాదా బాబూ?"

"కాదు. చెట్టు ఎట్లో వారును అట్లే. ఆవాసము."

చెట్టంత గౌరవం దొరికిందని మేమూ సంతోషించాం. సాయంత్రానికి పాకల ముందు బోర్డులు లేచాయి: 'బాలింతలకు ఆహారము పెట్టరాదు. పెద్దగా అరచి వారిని బెదరగొట్టరాదు.' టికెట్టు కొన్నవాళ్ళు బైనాక్యులర్లు పట్టుకుని వచ్చి, మా హైమ పిల్లకి పాలివ్వడం చూడబోతే దాలమ్మ పేడనీళ్ళు చల్లింది. మనవరాలికి వెండి మురుగులు చేయిద్దామని నేను కంసాలికి చెప్పి వచ్చేలోపు, ప్రభుత్వమే దాని కాలికి నంబరున్న అల్యూమినియం కడియం తొడిగింది. రేపు ఎక్కడికెగిరినా ఆచూకీ తెలుస్తుందట.

మూడో నెల వచ్చింది. గూళ్ళలో పిల్లలకు రెక్కలొచ్చాయి, ఒక్కొక్కటే ఎగిరిపోతున్నాయి. మంచి రోజు చూసుకుని అల్లుడు గౌరీశు ఆటో తెచ్చాడు. బిడ్డ పుట్టాక ఇంటి దగ్గర సాయానికి వాళ్ళ మేనత్తను తెచ్చి పెట్టుకున్నానని చెప్పాడు. దాలమ్మ కూతురికి బొట్టుపెట్టి చీర పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ ఆటో ఎక్కించింది. తోపుకి కొత్తగా పెట్టిన గేటు దగ్గర సన్యాసిరావు బొంగు దించాడు.

"ఎల్డానికి నేదమ్మీ. నువ్వు ఆవాసం. ఆవాసాన్ని ఇక్కణ్ణించి తీసికెల్తే కేసు."

డైరెక్టరు గారు అక్కడే ఉన్నారు. "వచ్చే ఋతువు వరకు ఆవాసము చెక్కుచెదరరాదు. మరియు ఆమె ఆలోగా మరల గర్భము దాల్చినచో సంస్థ హర్షించును" అన్నారు. అల్లుడు లోపలికి వచ్చిపోవచ్చని, టికెట్టులో రాయితీ కూడా ఇస్తామని చెప్పారు.

ఆటోలో హైమ పిల్లను గుండెలకి అదుముకుని బిక్కచచ్చి కూర్చుంది. దాలమ్మ ఆయన ఎదురుగా వెళ్ళి నిలబడింది. అరవలేదు.

"ఏటి బాబూ, ఆ యేల కడుపుతోటి వొత్తే లోపలికి రాకూడదన్నావు. ఈ యేల బిడ్డనెత్తుకుని బయటికెల్తానంటే ఎల్లకూడదంతన్నావు. ఓపాలి ఆక్రమణన్నావు, ఓపాలి చెట్టన్నావు. నా పిల్ల మీకు మనిసెప్పుడవుద్ది?"

డైరెక్టరు గారు నిబంధనల పుస్తకం చివరిదాకా తిరగేశారు. నిజాయితీపరుడు, తెలియనిది తెలుసనడు.

"మనుషుల విషయము మా శాఖ పరిధిలోనికి రాదమ్మా."

నేను అప్పటిదాకా కుర్చీలోనే ఉన్నాను. ఎలా లేచానో తెలీదు. వెళ్ళి, ఎవరి సంతకమూ అడక్కుండా, బొంగు రెండు చేతుల్తో పట్టి పైకెత్తాను. సన్యాసిరావు అడ్డం రావాల్సింది, వాడెందుకో తల పక్కకు తిప్పుకుని తంపర వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆటో వెళ్ళిపోయింది. దాని వెనకాలే సుగుణ, ఆమె వెనకాల మిగతా బాలింతలు, పిల్లల్ని చంకనేసుకుని వరసగా నడిచి వెళ్ళిపోయారు. అందరూ దాటేదాకా బొంగు దించలేదు. భుజాలు పడిపోయాయనుకోండి.

నా మీద కేసు పెట్టారు. పిల్లతో సహా ఆవాసాన్ని అక్రమంగా తరలించానని. పక్షుల్ని పట్టి అమ్మేవాళ్ళ మీద పెట్టే కేసే. కోర్టువారు దయతలచి బెయిలిచ్చారు, తీర్పు వచ్చేదాకా రక్షిత ప్రాంతం దాటి కాలు పెట్టరాదని షరతు పెట్టి. దాలమ్మ బొబ్బిలి వెళ్ళింది, పిల్లకి నూనె రాసి నీళ్ళు పొయ్యడం ఆ మేనత్తకి సరిగా రాదని. మిగతావాళ్ళు ఎటు వాళ్ళు అటు వెళ్ళారు. ఇప్పుడు ఈ ప్రాంతపు శాశ్వత జనాభా నేనొక్కణ్ణే. జనాభా స్థిరపడిందని డైరెక్టరు గారు మూడో అధ్యయనం రాస్తున్నారు, అందులో నా ఫోటో కూడా వేస్తారట.

నా మనవరాల్ని ఎప్పుడు చూస్తానో తెలీదు. దాన్ని ఇక్కడికి తెస్తే, ఆవాసమని మళ్ళీ బయటికి వెళ్ళనివ్వరు. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతోంది. రోజూ సాయంత్రం దాలమ్మ ఫోన్ చేసి, పిల్ల నోటి దగ్గర పెడుతుంది. అది ఒకోసారి ఏడుస్తుంది, ఒకోసారి ఊఁ కొడుతుంది. నేను గేటు దగ్గర అరుగు మీద కూర్చుని వింటాను. సన్యాసిరావు కూడా పక్కన చేరి చెవి పెడతాడు. పసిపిల్ల గొంతు సరిహద్దు దాటి లోపలికి రాకూడదని ఇంకా నిబంధన రాలేదు. దయచేసి ఈ సంగతి ఎవరితోనూ అనకండి.